అప్పాజీ కళ్లు: ‘మహామంత్రి తిమ్మరుసు’ ఇప్పుడు చూడొచ్చా?

కర్ణాటకలోని పావగడ తాలూకాకు మూడువైపులా ఆంధ్రప్రదేశే. చాలా ఇళ్లలో తెలుగు మాట్లాడతారు, పిల్లలు బడిలో కన్నడం చదువుతారు. అందుకే కృష్ణదేవరాయల సినిమా అంటే ఇక్కడ ఇద్దరు రాయలు గుర్తొస్తారు. ఒకరు 1962 నాటి తెలుగు ‘మహామంత్రి తిమ్మరుసు’లో ఎన్టీ రామారావు. మరొకరు 1970 నాటి కన్నడ ‘శ్రీకృష్ణదేవరాయ’లో రాజ్‌కుమార్. ఇప్పుడు మొదటిదాని సంగతి చూద్దాం. అరవై ఏళ్లు దాటిన ఆ నలుపు తెలుపు సినిమా నేటికీ చూడదగినదేనా? నా మటుకు తప్పక చూడాల్సిందే. అయితే కథ ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకుని కూర్చోవాలి.

దర్శకుడు కమలాకర కామేశ్వరరావు. రచన పింగళి నాగేంద్రరావు, సంగీతం పెండ్యాల. రాయలు ‘అప్పాజీ’ అని పిలిచే తిమ్మరుసు పాత్ర గుమ్మడిది. రాజకుమారుడు చనిపోతాడు. నేరం తిమ్మరుసు మీద పడుతుంది. రాయలు ఆయన కళ్లు తీసేయమంటాడు. నిజం బయటపడేసరికి శిక్ష అమలైపోతుంది.

ఈ కథకు ముఖ్య ఆధారం శాసనం (రాతి మీదో రాగిరేకు మీదో చెక్కించిన రాజపత్రం) కాదు. నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి రాసిన వృత్తాంతం. రాయలు పోయింది 1529లో. నూనిజ్ రాసింది 1535 తర్వాత. అంటే అతను విని రాశాడు. 1900లో రాబర్ట్ స్యూయల్ తన విజయనగర చరిత్రలో దాన్ని ఇంగ్లీషులో అచ్చువేశాడు.

నూనిజ్ రెండు సంగతులు చెబుతాడు. వీరనరసింహరాయలు మరణశయ్య మీద ఉన్నాడు. తన చిన్న కొడుకుకు రాజ్యం దక్కాలని, తమ్ముడు కృష్ణరాయల కళ్లు తీయించి తెమ్మని తిమ్మరుసును ఆదేశించాడు. తిమ్మరుసు మేక కళ్లు తెచ్చి చూపించి, కృష్ణరాయలను కాపాడి గద్దెనెక్కించాడు. రెండోది, ఏళ్ల తర్వాత రాయలు పట్టం కట్టిన తన పసికొడుకు జబ్బుపడి పోయాడు. తిమ్మరుసు కొడుకే విషం పెట్టాడని రాయలు నమ్మాడు. కుటుంబాన్ని చెరలో వేశాడు. ఆ కొడుకు తప్పించుకుని తిరగబడి, మళ్లీ పట్టుబడ్డాడు. అప్పుడు గానీ రాయలు తిమ్మరుసు కళ్లు తీయించలేదు. ఏ కళ్లను మంత్రి కాపాడాడో, ఆ కళ్లముందే మంత్రి చూపు పోయింది. నాటకం రాసేవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

సినిమా ఇక్కడే దారి మళ్లింది. నేరాన్ని గజపతుల (అప్పటి ఒడిశా పాలకుల) కుట్ర మీదికి నెట్టింది. కారణం ఊహించవచ్చు. రాయలూ తిమ్మరుసూ ఇద్దరూ ప్రేక్షకుడికి ఆరాధ్యులే. ఇద్దరినీ నిర్దోషులుగా నిలపాలంటే బయటి శత్రువు కావాలి. దాంతో నూనిజ్ చెప్పిన ఏళ్ల తరబడి చెర, తిరుగుబాటు తెరమీదికి రాకుండా పోయాయి. రాజ్యాధికారపు పోరు పొరపాటుగా మారిపోయింది.

ఇది చిన్న నష్టం కాదు. తిమ్మరుసు వట్టి సలహాదారు కాదు. ఆయన మేనల్లుడు నాదెండ్ల గోపన కొండవీటి పాలకుడు. కోటలూ సైన్యాలూ ఒక మంత్రి బంధువుల చేతిలోకి వెళ్తుంటే, ఎంత మంచి రాజుకైనా అనుమానం పుట్టే వీలుంది. సినిమా ఆ ప్రశ్నను తాకదు.

అయినా చూడమంటున్నాను, ముందుగా గుమ్మడి కోసం. ఆయన రామారావు కన్నా నాలుగేళ్లు చిన్న. అయినా తండ్రిలాంటి వృద్ధుడిగా నమ్మించాడు. రాజును ప్రేమిస్తూనే, ఆ రాజ్యానికి ఎవరు నిజంగా దిక్కో తెలిసిన మనిషి గాంభీర్యం ఆయన నడకలో, మాట తగ్గింపులో కనిపిస్తుంది. కథ వదిలేసిన ప్రశ్నను ఆ నటన కొంత తిరిగి తెస్తుంది.

కన్నడం వచ్చినవారు 1970 నాటి సినిమా కూడా చూడాలి. అది రంగుల్లో ఉంటుంది. దర్శకుడు బి.ఆర్. పంతులే అందులో తిమ్మరుసు. ఆ తర్వాత రొద్దం మీదుగా పెనుకొండ వెళ్లండి. తిమ్మరుసు సమాధి అని అక్కడివాళ్లు చూపించే మండపం ఉంది.