చెట్లను బూయించు మందులు

పువ్వులేని పూలమొక్కను గొనువా రరుదు. కడియపులంక నర్సరీలలో నడచి చూచినవారి కీ సంగతి తెలియును. కావున మొక్క చిన్నదిగా నుండగనే పూయింపవలెనని పెంచువారు కోరుట సహజము. నేడు కొన్ని మందులచే నది కొంతవరకు సాధ్యమగుచున్నది. ఆ మందులు పువ్వును దెచ్చి కొమ్మకు దగిలించునవి కావు. చెట్టు తన శక్తిని చిగురునకు వెచ్చించునా, మొగ్గకు వెచ్చించునా యనుదానిని మార్చునవి.

ఈ విద్యకు మూలము వరి తెగులు. జపానులో కొన్ని వరిమొలకలు మితిమీరి పొడుగెదిగి, పాలిపోయి చచ్చుచుండెడివి. అచ్చటివారు దానిని వెఱ్ఱిమొలక యను నర్థమిచ్చు పేర బిలిచెడివారు. 1926లో ఫార్మోజా దీవియందు కురొసావా యను శాస్త్రజ్ఞుడు తెగులు బూజును పెంచిన ద్రవమును, బూజు లేకుండ వడగట్టి, మంచి మొలకలకు బెట్టగా నవియు నట్లే యెదిగినవి. 1935లో యబుతా యందలి పదార్థమునకు జిబ్బరెల్లిన్ అని పేరిడెను. ఇట్టివి ఆరోగ్యముగల చెట్లలోను సహజముగా నుండునని పిమ్మట దేలినది.

జిబ్బరెల్లిను కాడను సాగదీయును. మామిడి, అజేలియా మొదలగువానిలో నది హెచ్చుగా నున్నప్పుడు చిగుళ్లే గాని పూమొగ్గలు సరిగా రావు. పాక్లోబ్యుట్రజోల్ అను మందు వేళ్లగుండ పైకెక్కి జిబ్బరెల్లిను తయారగుటను తగ్గించును. అంతట చిగురు మందగించి మొగ్గ కట్టును. మన మామిడి రైతులు కల్టార్ అని యెరిగినది దీనినే.

సూదియాకుల చెట్లలో కథ తారుమారు. జపానువారి సుగి చెట్టుపై జిబ్బరెల్లినునే చల్లినచో చిన్నవయస్సుననే కాయలకు మూలమైన మొగ్గలు పుట్టును! కావున జాతి నెరుగక మందు వేయరాదు.

వయస్సు సంగతియు గలదు. విత్తునుండి మొలచిన చెట్టునకు బాల్యము తీరనిదే మామూలుగా పూత రాదు. ఏటేట పూయుచున్న చెట్టుకొమ్మతో గట్టిన అంటున కా బాల్యము లేదు. నా మట్టునకు మందుసీసా కంటె మంచి అంటే చౌక యని తోచును.

ఇంతకును నష్టపడువాడు కొనువాడే. పాక్లోబ్యుట్రజోల్ మట్టిలో చాలకాలము నిలుచును. మోతాదు మించినచో అంగడిలో ముద్దుగా గనబడిన మొక్క యింటికి వచ్చిన పిమ్మట కురచ కణుపులతో, క్రిక్కిరిసిన యాకులతో గిడసబారి యుండును. యజమాని కారణ మెరుగక ఎరువుమీద ఎరువు వేయుచుండును. మందు వేసినది, ఎప్పుడు వేసినది అమ్మువాడు చెప్పవలెను. అట్టి కుండీలోని పాతమట్టిని కూరగాయల మడిలో బోయరాదు.