దుమ్మే కదా అని తీసిపారేయకండి!

పొద్దున లేస్తే దుమ్ముతోనే మన ఆడవాళ్ళకి పని మొదలు. మా గవర్నర్‌పేటలో అయితే చెప్పనే అక్కర్లేదు. ఏలూరు రోడ్డు మీద లేచిన దుమ్మంతా మా గుమ్మంలోకే వస్తుంది.

రెండేళ్ళ క్రితం మా చిన్నవాడికి రాత్రిళ్ళు పిల్లికూతలతో ఆయాసం మొదలైంది. డాక్టరుగారు చూసి "డస్ట్ ఎలర్జీ అమ్మా" అన్నారు. రోజుకి రెండుసార్లు ఊడ్చే నాకు తల కొట్టేసినట్లయింది. మా అత్తయ్యగారైతే "మా ఇంట్లో దుమ్మేవిటండీ!" అని నొచ్చుకున్నారు. ఆయన నవ్వి, "మీరనుకునే దుమ్ము వేరు, నేను చెప్పేది వేరు" అన్నారు.

అప్పట్నించీ నాకు ఈ మాట మీదే ధ్యాస. నిజమే, ఒక్క దుమ్ములో ఎన్ని దుమ్ములో! తిడితే దుమ్మెత్తి పోశారంటాం. పిల్లాడు బాగా ఆడితే దుమ్ము రేపాడంటాం. అదే పెద్దల కాళ్ళ దగ్గరిదైతే పాదధూళి అని కళ్ళకద్దుకుంటాం. ఆవులు ఇంటికి మళ్ళే వేళ లేచిందైతే గోధూళి అని పెళ్ళి ముహూర్తమే పెట్టుకుంటాం. దుమ్ము అంటే ఎముక అనే అర్థం కూడా ఉంది. దుమ్ములగొండి పేరులో ఉన్నది ఆ దుమ్మే.

ఇక వంటింట్లో డస్ట్ టీ. అది చెత్త కాదండోయ్! టీ ఆకుని జల్లించినప్పుడు వచ్చే బాగా సన్నరకం. ఎంత సన్నగా ఉంటే డికాషన్ అంత తొందరగా, చిక్కగా దిగుతుంది. మన పక్కనే ఉన్న కొండపల్లిలో రంపప్పొట్టుని చింతగింజల పిండితో కలిపి మక్కు చేస్తారు. తెల్లపొణికి కర్రతో చేసే బొమ్మలకి కాళ్ళూ చేతులూ అతికేది దాంతోనే. బంగారం పనివాళ్ళ కొట్లో ఊడ్చిన దుమ్మునైతే కడిగి నలుసులు ఏరుకుంటారు.

మరి డాక్టరుగారు చెప్పిన దుమ్ము? అది పరుపుల్లో, దిండ్లలో ఉంటుందిట. మన ఒంటి మీద రాలే చర్మపు పొట్టు తిని బతికే పురుగులు, కంటికి ఆనవు. వాటి రెట్ట పడకే కొందరికి ఆయాసం. గాలిలో తేమ ఎక్కువుండే మనలాంటి ఊళ్ళలో అవి బాగా పెరుగుతాయి. చీపురుతో పోయేవి కావు. పైగా పొడిగా ఊడిస్తే ఇంకా లేస్తాయి.

అందుకని నేను చేస్తున్నవి ఇవీ:

* ఊడ్చే ముందు తడిగుడ్డతో తుడవడం. బూజు దులిపేటప్పుడు పిల్లవాణ్ణి వేరే గదిలో ఉంచడం.
* దుప్పట్లు, గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతికి, ఎండలో ఆరేయడం.
* మంచం దగ్గర దూది బొమ్మలు, పాత పేపర్ల కట్టలు లేకుండా చూడడం.
* డాక్టరుగారు రాసిన ఇన్‌హేలర్ మానకుండా వాడడం. తుడిచినంత మాత్రాన మందు మానెయ్యకూడదు.

ఇప్పుడు వాడు రాత్రిళ్ళు హాయిగా నిద్రపోతున్నాడు. మా అత్తయ్యగారే ఆదివారం పూట "దిండ్లు ఎండలో వేశావా అమ్మాయ్?" అని గుర్తుచేస్తున్నారు.

కాబట్టి అక్కయ్యలూ, చెల్లెళ్ళూ, ఎవరైనా మీ ఇంట్లో దుమ్ముందంటే ఉక్రోషపడకండి. ఏ దుమ్మో అడగండి!