కాలు మోపితేగాని తెలియని రాతిచేప

లక్షద్వీప్‌లో ఆటు సమయాన పగడపు దిబ్బలు బయటపడగానే ఆక్టోపస్‌ల కోసం, గవ్వల కోసం జనం మోకాలి లోతు నీటిలోకి దిగుతారు. అక్కడ నాచు పట్టిన రాయిలా కనిపించేదంతా రాయి కాకపోవచ్చు.

స్టోన్‌ఫిష్‌గా వ్యవహరించే ఈ రాతిచేపను ప్రపంచంలోని చేపలన్నింటిలోకీ అత్యంత విషపూరితమైనదిగా శాస్త్రజ్ఞులు పరిగణిస్తున్నారు. ఎర్రసముద్రం మొదలుకొని పసిఫిక్ దీవుల వరకు వెచ్చని సముద్రాలలో ఇది నివసిస్తుంది. మన దేశంలో లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖలతో పాటు, శ్రీకాకుళం ప్రాంతం నుంచి వెళ్లిన తెలుగు మత్స్యకారులు స్థిరపడిన అండమాన్ దీవుల తీరాలలోనూ ఉంది.

సుమారు 30 సెంటీమీటర్ల పొడవుండే ఈ చేపకు పొలుసులుండవు. ఒళ్లంతా బుడిపెలే. వాటిపై నాచు సైతం పెరుగుతుంది. ఇసుకలో సగం కూరుకుని గంటల తరబడి కదలక, చేరువకు వచ్చిన చిన్న చేపను రెప్పపాటులో నోటిలోకి పీల్చుకుంటుంది. ఇతర చేపలు మనిషి అలికిడికి పారిపోతాయి. ఇది పారిపోదు. ప్రమాదమంతా అక్కడే ఉంది.

దీని బంధువుల తీరూ ఇదే. 2020లో తమిళనాడులోని సేతుకరై వద్ద కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులకు దొరికిన ఒక తేలుచేప తొలుత పగడపు ముక్కలా కనిపించి, ఆ తరువాత వారి కళ్లెదుటే రంగు మార్చింది.

రాతిచేప వెన్నుపై 13 ముళ్లు ఉంటాయి. ఒక్కొక్క ముల్లుకు రెండేసి విషపు తిత్తులు. వీటిని అది వేటకు ఉపయోగించదు, ఆత్మరక్షణకే. కాలు పడిన ఒత్తిడికి విషం గాయంలోకి చిమ్ముతుంది. పలుచని చెప్పు అడ్డుకాదు. భరింపశక్యం కాని నొప్పి, వాపు వెంటనే మొదలవుతాయి. తీవ్రమైతే రక్తపోటు పడిపోయి గుండె లయ తప్పుతుంది. మరణాలు మాత్రం అరుదు.

దీనికి విరుగుడు మందు 1959 నుంచి ఆస్ట్రేలియాలో వాడుకలో ఉంది. మన ఆస్పత్రులలోని పాముకాటు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర తదితర నాలుగు పాముల విషానికి ఉద్దేశించినది, చేపముల్లుకు పనికిరాదు.

అయితే ప్రథమ చికిత్సకు కావలసినది ప్రతి వంటింటిలోనూ ఉంది. ఈ విషంలోని ప్రొటీన్లు వేడికి చెడిపోతాయి. గాయపడిన కాలిని సుమారు 45 డిగ్రీల సెల్సియస్ వేడినీటిలో 30 నుంచి 90 నిమిషాల సేపు ఉంచితే నొప్పి చాలా వరకు ఉపశమిస్తుంది. వేడిని ముందుగా గాయం లేని చేతితో చూసుకోవాలి. నొప్పితో విలవిలలాడే వానికి చర్మం కాలుతున్నదీ తెలియదు. పాముకాటుకు వలె గట్టిగా కట్టు కట్టరాదు. విరిగిన ముల్లు లోపలే ఉండిపోతే చీము పట్టవచ్చు గనుక ఆస్పత్రికి వెళ్లక తప్పదు.

నీటి నుంచి బయటకు తీసినా ఈ చేప ఒక రోజు వరకు బతకగలదు. వలలో పడినదాన్ని చేతితో విడదీయబోవడం కూడా ప్రమాదకరమే. ముళ్లు తీసి వండితే మాత్రం విషం మిగలదు. జపాన్, హాంకాంగ్‌లలో దీనిని ఇష్టంగా తింటారు.