బడి కట్టేది కమిటీ, నడిపేదెవరు?

తల్లిదండ్రులు, టీచర్లు కలిసి ప్రాథమిక పాఠశాలను నడపాలంటోంది చట్టం. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టడం పెద్ద పనేమీ కాదు. కూర్చున్నాక వారి చేతికి ఏం ఇస్తారన్నదే చిక్కు

కొండ మీది ఊళ్లో ఉద్యోగం, కోహిమాలోనో దిమాపూర్‌లోనో కాపురం. 2002కు ముందు నాగాలాండ్‌లో చాలామంది ప్రభుత్వ టీచర్ల తీరు ఇదే. బడికి వెళ్లినా వెళ్లకపోయినా జీతం ఆగేది కాదు. ఊళ్లో కాస్త చదువుకున్న కుర్రాడికి ఎంతో కొంత ముట్టజెప్పి తమ బదులు పాఠాలు చెప్పించినవారూ ఉన్నారు. తనిఖీ చేయాల్సిన అధికారికి ఆ ఊరు చేరడమే గగనం. పైనుంచి ఎంత అదిలించినా లాభం లేదని తేలిపోయింది.

ఎస్.సి. జమీర్ ముఖ్యమంత్రిగా ఉండగా 2002లో ఆ రాష్ట్రం ఒక విచిత్రమైన చట్టం చేసింది. ప్రభుత్వ పాఠశాలలు, ఆరోగ్య కేంద్రాలు, విద్యుత్ సరఫరా వంటి సేవల నిర్వహణను గ్రామ సమాజానికే అప్పగించడం దాని ఉద్దేశం. ప్రధాన కార్యదర్శి ఆర్.ఎస్. పాండే దీని రూపకర్త. ప్రాథమిక పాఠశాల విషయంలో చట్టం నేరుగా మూలానికే పోయింది. టీచర్ జీతాన్ని గ్రామ విద్యా కమిటీ ఖాతాకు పంపడం మొదలుపెట్టింది. కమిటీ హాజరు చూసి జీతం ఇస్తుంది. రాని రోజులకు కోత పడుతుంది. కోసిన సొమ్ము ప్రభుత్వానికి తిరిగి పోదు, ఆ బడి అవసరాలకే మిగులుతుంది. ‘పని లేకపోతే జీతం లేదు’ అన్న మాట సర్కారు గోడల మీద రాయడం వేరు, టీచర్‌తో రోజూ ఎదురుపడే మనుషుల చేతిలో పెట్టడం వేరు.

దీన్ని బెత్తం కథగా మాత్రమే చూస్తే పొరపాటే. ఆ కమిటీకి సభ్య కార్యదర్శి బడి ప్రధానోపాధ్యాయుడే. పైకప్పు కారితే, బెంచీలు విరిగితే, పుస్తకాలు రాకపోతే జిల్లా కార్యాలయం చుట్టూ ఒంటరిగా తిరిగిన మనిషికి ఇప్పుడు వెనక ఊరు నిలబడింది. ప్రజలను నమ్మడం, వారికి శిక్షణ ఇవ్వడం, అధికారాలనూ నిధులనూ బదిలీ చేయడం అనే మూడు మెట్లను పాండే బృందం సూత్రంగా పెట్టుకుంది. టీచర్ల హాజరు మెరుగుపడింది. కొన్ని ఊళ్లలో ప్రైవేటు బడి నుంచి సర్కారు బడికి పిల్లలు మారిన ఉదంతాలూ నమోదయ్యాయి. 2008లో ఈ ప్రయోగానికి ఐక్యరాజ్యసమితి ప్రజా సేవా పురస్కారం దక్కింది.

నాగాలాండ్ గ్రామం మన గ్రామం లాంటిది కాదనే ఆక్షేపణ సబబే. అక్కడ గ్రామ మండలికి 1978 చట్టంతోనే అధికారాలున్నాయి. భూమిలో అధిక భాగం సమాజానిది, వంశాలది. ఊరంతా ఒక తెగగా నడుస్తుంది. వాడకో కులం, కులానికో వాడగా చీలిన చోట ‘ఊరు’ అనగానే మొదట లేచే ప్రశ్న, ఎవరి ఊరు అని. టీచర్ జీతం అలాంటి ఊళ్లో ఒక వర్గం చేతిలో పడితే ఏమవుతుందో ఊహించడానికి ఉపాధ్యాయ సంఘాల నాయకుడే కానక్కరలేదు.

అయినా, కోహిమా కంటే నాలుగేళ్ల ముందే ఈ దారి పట్టింది ఆంధ్రప్రదేశ్. పాఠశాల విద్యలో ప్రజల భాగస్వామ్యానికి 1998లోనే ఉమ్మడి రాష్ట్రం ప్రత్యేక చట్టం చేసింది. తల్లిదండ్రులు ఎన్నుకునే పాఠశాల విద్యా కమిటీలు, వాటికి హెడ్మాస్టరే కన్వీనర్. కాగితం మీద అది అప్పటికి దేశంలో ముందు వరసలో నిలిచే చట్టం. తరగతి గదులు కట్టించడం, బడి మానేసిన పిల్లలను వెతికి తేవడం, విద్యా వాలంటీర్లను పెట్టుకోవడం కమిటీల పనులయ్యాయి. రెగ్యులర్ టీచర్ మీద మాత్రం వాటికి చెప్పుకోదగ్గ పట్టు లేదు.

ఆ తేడా ఎంతటిదో తర్వాత జరిగిన ఒక అధ్యయనంలో అంకెలతో సహా బయటపడింది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఆంధ్రప్రదేశ్‌లో 100 ప్రాథమిక పాఠశాలలకు ఒక్కో అదనపు కాంట్రాక్టు టీచర్‌ను ఇచ్చి చూశారు. ఎంపిక చేసింది పాఠశాల కమిటీలే. వచ్చినవారిలో ఎక్కువమంది ఆ చుట్టుపక్కల యువతులే. రెగ్యులర్ టీచర్లతో పోలిస్తే వారి జీతం నామమాత్రం, శిక్షణ తక్కువ. అయినా రెగ్యులర్ టీచర్ల గైర్హాజరు 27 శాతం ఉంటే వారిది 18 శాతమే. అదనపు టీచర్ వచ్చిన బడుల్లో పిల్లల మార్కులూ పెరిగాయి. చవక టీచర్లతో బడులు నింపేయవచ్చని దీనికి అర్థం చెప్పుకున్నవారున్నారు. అది ప్రమాదకరమైన అర్థం. ఏడాదికోసారి కమిటీ ముఖం చూడాల్సిన టీచర్ బడికి వచ్చింది, చూడనక్కరలేని టీచర్ అంతగా రాలేదు అన్నది అంతకంటే నిజాయితీగల అర్థం. బలహీనురాలి మీద ఉన్న అధికారం బలవంతుడి మీద లేదన్నమాట.

2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యా హక్కు చట్టం ఈ ఏర్పాటును దేశమంతటికీ విస్తరించింది. సెక్షన్ 21 ప్రకారం ప్రతి ప్రభుత్వ పాఠశాలకూ యాజమాన్య కమిటీ ఉండాలి. సభ్యుల్లో కనీసం నాలుగింట మూడొంతులు ఆ బడి పిల్లల తల్లిదండ్రులు లేక సంరక్షకులే. సగం మంది మహిళలు. వెనుకబడిన, బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు దామాషా ప్రకారం చోటు. బడి పనితీరును గమనించడం, అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం, నిధుల ఖర్చు చూడటం దాని విధులు. చాలామంది గమనించని మాట సెక్షన్ 24లో ఉంది. పిల్లల హాజరు, నేర్చుకునే శక్తి, చదువులో ప్రగతి గురించి తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై చెప్పడం టీచర్ విధి. చెప్పకపోతే క్రమశిక్షణ చర్యకు అర్హులు. దేశంలో ఎందరు టీచర్లు ఈ ఒక్క లోపానికి నోటీసు అందుకున్నారో వెతకబోతే శ్రమ వృథా అవుతుందనుకోవచ్చు.

పేరుకు కమిటీ ఉండటం ఎంత సులువో ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లా చూపించింది. విద్యా హక్కు చట్టానికి ముందే అక్కడ గ్రామ విద్యా కమిటీలున్నాయి. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, ప్రథమ్ సంస్థకు చెందిన రుక్మిణీ బెనర్జీ తదితరులు ఆ ఊళ్లలో అధ్యయనం చేస్తే విస్తుపోయే సంగతులు తేలాయి. కమిటీ అంటూ ఒకటుందని చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. తాము అందులో సభ్యులమన్న సంగతి తెలియని సభ్యులూ ఉన్నారు. పిల్లలకు చదవడం ఎంతవరకు వచ్చో కూడా తల్లిదండ్రులకు సరైన అంచనా లేదు. ఊళ్లో సభలు పెట్టి హక్కులు, కమిటీలు, నిధుల గురించి వివరించారు. కొన్ని ఊళ్లలో పిల్లలను ఊరివారే పరీక్షించేలా చేశారు. అయినా సర్కారు బడిలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. ఊరి యువకులకు కొద్దిపాటి శిక్షణ ఇచ్చి బడి వేళల బయట చదివించిన చోట మాత్రం వెళ్లిన పిల్లలు చదవడం నేర్చుకున్నారు.

ఊరి జనానికి పట్టదని దీన్నిబట్టి తీర్మానించేవారు హైదరాబాద్‌లోనూ ఢిల్లీలోనూ కోకొల్లలు. కానీ పట్టనివారు తమ పిల్లలు కాని పిల్లలకు సాయంత్రాలు కూర్చుని చదువు చెప్పరు. ఫలితం కనిపించే పనికి వారు ముందుకొచ్చారు, తమ మాట చెల్లుతుందన్న నమ్మకం లేని సమావేశానికి రాలేదు. అంతే తేడా.

తెలుగు పల్లెలో ఆ సమావేశం ఎలా జరుగుతుందో కొంచెం తొంగిచూద్దాం. క్రమం తప్పకుండా జరగాలి. బడి వేళ అంటే కూలి వేళ. కమిటీలో సగానికి పైగా ఉన్న తల్లులు మిరప కోతలోనో ఉపాధి హామీ పనిలోనో ఉంటారు. సమావేశానికి వస్తే ఆ పూట కూలి పోయినట్టే, దానికి పరిహారం ఏమీ లేదు. అందుకే మీటింగు మనుషుల దగ్గరికి వెళుతుంది. అంటే తీర్మానాల పుస్తకం ఇంటింటికీ తిరిగి సంతకాలు, వేలిముద్రలు తెచ్చుకుంటుంది. ఇందులో టీచర్‌ది మోసం అనడం తేలిక. ఇద్దరు టీచర్లు అయిదు తరగతులు చూసే బడిలో ఒకరు కన్వీనర్‌గా లెక్కలు రాస్తుంటే అయిదు తరగతులూ రెండోవారి మీదే పడతాయి. ఆన్‌లైన్‌లో వివరాలు నింపమని మండల కార్యాలయం నుంచి ఫోన్లు మోగుతూనే ఉంటాయి. పై అధికారికి కావలసింది సంతకాలున్న పేజీ, అది అందుతుంది.

ఇంకో మార్పు నిశ్శబ్దంగా జరిగిపోయింది. ఊళ్లో నోరున్నవారి పిల్లలు ఏనాడో పసుపు రంగు బస్సెక్కి ప్రైవేటు బడికి వెళ్లిపోయారు. మిగిలిన పిల్లలు ఎక్కువగా దళిత, గిరిజన, వెనుకబడిన కులాల కూలీల బిడ్డలు. చట్టం ప్రకారం బడి యాజమాన్యం వీరి తల్లిదండ్రులదే. అధికారం చేతికందే వేళకు మండల కార్యాలయంలో గట్టిగా అడగగలిగినవారు బడి వదిలేశారు. అయినా పార్టీలు మాత్రం వదల్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో తరగతికి ముగ్గురు చొప్పున తల్లిదండ్రులను ఎన్నుకునే కమిటీ ఎన్నికలు 2021లోనూ 2024 ఆగస్టులోనూ పలుచోట్ల పార్టీల బలపరీక్షలుగా మారి ఘర్షణలకు దారితీశాయి. కమిటీ ఖాతాలోకి డబ్బు రావడం మొదలయ్యాక కుర్చీకి విలువ వచ్చింది మరి.

ఆ డబ్బు వచ్చింది ‘నాడు-నేడు’తో. 2019 నవంబర్ 14న ఒంగోలులో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి ప్రారంభించిన ఈ పథకం తొలి దశలో 15,715 పాఠశాలలను చేపట్టింది. కాంట్రాక్టర్ లేడు. నిధులు తల్లిదండ్రుల కమిటీ ఖాతాకే వచ్చాయి. బల్లలు, ఫ్యాన్ల వంటివి రాష్ట్ర స్థాయిలో కొన్నారు కానీ మరుగుదొడ్లు, ప్రహరీ, మరమ్మతులు కమిటీ చేయించాలి. సిమెంటు బస్తాలు లెక్కపెట్టుకున్న తల్లులు, ఇసుక లారీ కోసం ఫోన్లు చేసిన హెడ్మాస్టర్లు ఆ రెండేళ్లలో పరస్పరం బాగా తెలిసినవారయ్యారు. తమ బడి అన్న భావన చాలాచోట్ల నిజంగానే పుట్టింది. మరుగుదొడ్ల నిర్వహణకు కూడా తల్లి వాటా పెట్టారు. ‘అమ్మ ఒడి’ కింద ఇచ్చే 15,000 రూపాయల్లో 2021లో 1,000, 2022లో 2,000 రూపాయలు మరుగుదొడ్లు, బడి నిర్వహణ పేరిట మినహాయించారు. డబ్బులు కట్టే యజమానిగా తల్లి స్థానం ఖరారైంది.

యజమానికి సమాచారం చివరన అందింది. 2022 జూన్‌లో వచ్చిన 117 నంబరు జీవోతో ప్రాథమిక పాఠశాలల్లోని 3, 4, 5 తరగతులను సమీప ఉన్నత పాఠశాలల్లో కలిపే ప్రక్రియ సాగింది. వేసవి సెలవుల తర్వాత బడి తెరిచేసరికి అనేక ఊళ్లలో తల్లిదండ్రులు రోడ్డెక్కారు. ఎనిమిదేళ్ల పిల్ల హైవే దాటి ఎలా వెళుతుందని వారు వేసిన ప్రశ్న ఏ సిద్ధాంతానికీ చెందినది కాదు. సబ్జెక్టు టీచర్లతో చదువు మెరుగవుతుందన్న ప్రభుత్వ వాదనలో పసలేదనలేం. కానీ గోడ కట్టేందుకు తీర్మానం కావలసి వచ్చిన కమిటీ, గోడ లోపలి తరగతులు తరలేందుకు అవసరం కాలేదు. టీచర్ల సంఘాలూ తల్లిదండ్రులూ ఒకే వైపు నిలిచి గొంతెత్తిన అరుదైన సందర్భాల్లో అదొకటి. అంటే ఆ కమిటీల్లో నిజమైన ఐక్యత ప్రభుత్వం ఆశించని చోట కుదిరింది. తర్వాతి ప్రభుత్వం 2025లో ఆ జీవోను పక్కనపెట్టి బడులను మరో పద్ధతిలో వర్గీకరించింది.

తెలంగాణ వేరే బాట ఎంచుకుంది. 2024లో అక్కడ అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. గ్రామ మహిళా సమాఖ్య అధ్యక్షురాలే దీనికీ అధ్యక్షురాలు, హెడ్మాస్టర్ సభ్య కన్వీనర్. బడుల్లో మరమ్మతుల బాధ్యత వీటికి అప్పగించారు. పొదుపు సంఘంలో పద్దులు రాసి, బ్యాంకు మేనేజర్‌తో మాట్లాడి రాటుదేలిన మహిళ చేతికి ఇవ్వడంలో వివేకం ఉంది. సంతకం పెట్టమంటే ఎందుకని అడగడం ఆమెకు తెలుసు. లోపమల్లా ఆమె ఆ బడిలో చదివే బిడ్డ తల్లే కావాలన్న నియమం లేకపోవడం. పని బాగా జరగవచ్చు, పాఠం సంగతి మళ్లీ టీచర్‌కే మిగిలిపోవచ్చు.

పాఠం గురించే తల్లిదండ్రులను పిలవడం పెద్ద ఎత్తున మొదలైంది ఢిల్లీలో. 2016 జులై 30న అక్కడి ప్రభుత్వ పాఠశాలలన్నిట్లో ఒకేరోజు తల్లిదండ్రుల సమావేశాలు జరిగాయి. ఆంధ్రప్రదేశ్ 2024 డిసెంబర్ 7న అదే చేసింది. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, విద్యామంత్రి నారా లోకేశ్ బాపట్లలో పాల్గొన్నారు. 2025 జులైలో రెండో విడత జరిగింది. ముగ్గులు, ఫొటోలు, సహపంక్తి భోజనాలను చూసి పెదవి విరిచేవారు విరిచారు. అయినా ఆ రోజు ఒక పని జరిగింది. సర్కారు బడి మెట్టు ఎన్నడూ ఎక్కని తండ్రి, తన బిడ్డ ప్రగతి పత్రాన్ని ముందుంచుకున్న టీచర్ ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీ వేయడం చిన్న విషయమేమీ కాదు.

మిగతా రోజుల మాటే తేలాల్సి ఉంది. చదువు రాని తల్లి బిడ్డ చదువును ఎలా తూస్తుందన్న సందేహానికి జవాబు జౌన్‌పూర్‌లోనే ఉంది. నాలుగు వాక్యాల కథను బిడ్డ చేత బిగ్గరగా చదివిస్తే తడబడుతోందో లేదో వినడానికి అక్షరాలు అక్కరలేదు, చెవులు చాలు. అలా నెలకోసారి కమిటీ ముందు మూడో తరగతి పిల్లలు చదివితే టీచర్‌కూ లాభమే. ఇద్దరితో అయిదు తరగతులు నడవవని అప్పుడు ఆయనొక్కడే కాదు, కమిటీ తీర్మానం చేసి మండలానికి పంపుతుంది. సమావేశం సాయంత్రం కూలి ముగిశాక పెట్టడానికి ఏ జీవో అడ్డం రాదు. పొరుగూరి నుంచి బస్సులో వచ్చే టీచరమ్మ ఆ సాయంత్రం ఎలా ఇల్లు చేరాలన్నది మాత్రం ఎవరో ఒకరు చూడాలి.

కమిటీ పదవీకాలం రెండేళ్లు. అయిదో తరగతి బిడ్డ తల్లి తీర్మానాల పుస్తకం చదివించుకుని సంతకం పెట్టడం నేర్చుకునేసరికి బిడ్డ పరీక్షలు అయిపోతాయి. జూన్‌లో ఆ పిల్ల ఆరో తరగతికి వేరే బడికి వెళుతుంది, ఆమెతోపాటు తల్లి సభ్యత్వమూ పోతుంది. అదే వేసవిలో టీచర్‌కూ బదిలీ ఉత్తర్వు రావచ్చు. కొత్త సభ్యురాలికి, కొత్త హెడ్మాస్టర్‌కు చేతులు మారేది ఆ పుస్తకమే. అందులో సంతకాలు తప్ప సంగతులు రాసి ఉండటం ఇప్పటికైతే అరుదు.