ఉప్పెనకు అందని కాగితాలు
కృష్ణా డెల్టా సంఘ చరిత్ర పరిశోధనకు ఉచిత సిద్ధాంత గ్రంథ భాండాగారాలు

ఉపోద్ఘాతము

సంఘ శతజయంతి సంచికకు గాని, బి.డి. పట్టా కోసం సమర్పించవలసిన వ్యాసానికి గాని స్థానిక సంఘ చరిత్ర వ్రాయబూనిన ప్రతివారికీ ఎదురయ్యే మొదటి చిక్కు ఆధారాలు దొరకకపోవడం. పెద్దలు ఒక సంవత్సరం చెబుతారు. శంకుస్థాపన రాతి మీద మరొకటి కనబడుతుంది. బాప్తిస్మపు రిజిస్టరు చూద్దామంటే అది ఎప్పుడో పోయిందంటారు.

కృష్ణానది సముద్రంలో కలిసే మన ప్రాంతంలో ఈ చిక్కు మరీ ఎక్కువ. 1864 నవంబరు 1 రాత్రి మచిలీపట్నాన్ని ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించారు. 1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడిన ఉప్పెన పదివేల మందికి పైగా పొట్టన పెట్టుకుంది. మనుషులే మిగలని చోట కాగితాలు మిగలాలని ఎలా ఆశిస్తాం?

అయితే మన ఊళ్లలో పోయిన సమాచారంలో కొంత భాగం వేరే చోట్ల భద్రంగా ఉంది. ఈ ప్రాంతం మీద పరిశోధన చేసినవారు తమ సిద్ధాంత గ్రంథాలలో దానిని పొందుపరిచారు. ఆ గ్రంథాలలో అనేకం నేడు ఇంటర్నెట్‌లో ఉచితంగా లభిస్తున్నాయి. వాటిని వెదకడం ఎలాగో, దొరికినదాన్ని ఎంతవరకు నమ్మవచ్చునో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1. శోధగంగ

మన దేశంలో మొదట చూడవలసిన భాండాగారం శోధగంగ. గుజరాత్‌లోని గాంధీనగర్‌లో ఉన్న ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం దీనిని నిర్వహిస్తున్నది. పిహెచ్.డి. గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతిని సమర్పించాలని విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2009లో నిబంధన చేసింది. ఆ తరువాత ఈ భాండాగారం వేగంగా పెరిగి, గ్రంథాల సంఖ్య అయిదు లక్షలు దాటింది. చదవడానికి గాని, దించుకోవడానికి గాని రుసుము లేదు.

ఇందులో ఒక్కొక్క గ్రంథం అధ్యాయాలవారీగా విడి ఫైళ్లుగా ఉంటుంది. గ్రంథమంతా దించుకోనక్కరలేదు. మొదట విషయసూచిక, తరువాత ఆధార గ్రంథాల పట్టిక తెరవండి. మీకు పనికివచ్చేదో కాదో ఆ రెండు ఫైళ్లతోనే తెలిసిపోతుంది. నెట్ సౌకర్యం అంతంతమాత్రంగా ఉన్న పల్లెలలో ఇది పెద్ద వెసులుబాటు.

వెదకడానికి రెండు దారులున్నాయి. ఒకటి, పెట్టెలో పదాలు టైపు చేయడం. రెండవది, విశ్వవిద్యాలయం పేరు ఎన్నుకొని, అందులో శాఖ తెరచి, జాబితాను వరుసగా చదవడం. రెండవది ఓపికతో కూడిన పని. అయినా క్రొత్తవారికి అదే మేలు. ఆంధ్ర, ఆచార్య నాగార్జున, ఉస్మానియా, హైదరాబాదు విశ్వవిద్యాలయాలతో మొదలుపెట్టండి. 2008లో మచిలీపట్నం కేంద్రంగా ఏర్పడిన కృష్ణా విశ్వవిద్యాలయాన్నీ చూడండి. చరిత్ర శాఖతో ఆగిపోవద్దు. సంఘాలను గూర్చిన సమాచారం సమాజశాస్త్రం, తెలుగు, విద్య, ఆర్థికశాస్త్ర శాఖల గ్రంథాలలో కూడా దొరకవచ్చు.

2. మన ఊరికి ఎన్ని పేర్లు?

ఎక్కువమంది వెదకడంలో విఫలమయ్యేది ఇక్కడే. మనం మన ఊరిని నేడు పిలిచే పేరుతో వెదుకుతాం. వ్రాసినవారు తమ కాలపు పేరుతో వ్రాశారు.

మచిలీపట్నాన్ని ఇంగ్లీషువారు మసూలిపటం అనీ, మసూలిపట్నం అనీ వ్రాశారు. జనం నోట అది బందరు. నాలుగు పేర్లతోనూ వేర్వేరుగా వెదకాలి. పాత పత్రాలలో కృష్ణా జిల్లా పేరు కె-ఐ-ఎస్-టి-ఎన్-ఎ అనే అక్షరాలతో ఉంటుంది. గార్డన్ మెకంజీ 1883లో ప్రచురించిన జిల్లా మాన్యువల్‌లో ఉన్నది కూడా ఈ వర్ణక్రమమే.

జిల్లా సరిహద్దులు కూడా మారాయి. 1859లో మసూలిపట్నం, గుంటూరు జిల్లాలను కలిపి కృష్ణా జిల్లా చేశారు. 1904లో గుంటూరు, 1925లో పశ్చిమ గోదావరి విడిపోయాయి. 2022లో జిల్లా మళ్లీ విభజన పొందింది. కాబట్టి 1890లో కృష్ణా జిల్లా అంటే నేటి జిల్లా అనుకోకూడదు. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. దివిసీమ గురించి పాత గ్రంథాలకు దివి తాలూకా అని వెదకాలి, తరువాతివాటికి అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు, మోపిదేవి అనే పేర్లతో వెదకాలి.

గుడివాడతో చిక్కు వేరే విధమైనది. అక్కడి దిబ్బ పేరుపొందిన బౌద్ధ స్థలం కనుక ఆ పేరుతో పురావస్తు విషయాలు వస్తాయి. గుడివాడ ఇంటిపేరు గల రచయితల పుస్తకాలూ వస్తాయి. అందుచేత ఊరి పేరుకు చర్చి, మిషన్, క్రైస్తవ వంటి పదం ఇంగ్లీషులో జోడించాలి.

సమాజాల పేర్లూ అంతే. పంచములు, అణగారిన తరగతులు, హరిజనులు, దళితులు అనే పదాలు వేర్వేరు కాలాలలో వాడుకలోకి వచ్చాయి. నేడు మనం వాడని, వాడకూడని పదం కూడా వెదికే పెట్టెలో అవసరం కావచ్చు.

ఒక ఉదాహరణ చాలు. మన ప్రాంత సంఘ చరిత్రకు ముఖ్యమైన వ్యాసాలలో జెఫ్రీ ఆడీ 1975లో ప్రచురించినది ఒకటి. 1860 నుంచి 1900 వరకు తెలుగు దేశంలో క్రైస్తవ మత స్వీకారం దాని విషయం. శీర్షికలో బందరు లేదు, గుడివాడ లేదు, దివి లేదు. ఉన్నది గోదావరి–కృష్ణా డెల్టా అనే మాట మాత్రమే. ఊరి పేరుతో మాత్రమే వెదికినవారికి ఇది దొరకకుండా పోవచ్చు.

తెలుగులో వ్రాసిన గ్రంథాల విషయంలో మరొక జాగ్రత్త. పాత ఫాంట్లలో టైపు చేసినవి, స్కాన్ చేసినవి తెలుగు లిపిలో వెదికితే దొరకకపోవచ్చు. శీర్షికను ఇంగ్లీషు అక్షరాలలో కూడా ప్రయత్నించాలి.

3. విదేశీ భాండాగారాలు

చర్చ్ మిషనరీ సొసైటీ పక్షాన రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లో మచిలీపట్నం వచ్చారు. నోబుల్ 1843లో పాఠశాల ప్రారంభించాడు. ఆ సొసైటీ మూలపత్రాలు నేడు బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. మన సేవకులలో అక్కడికి వెళ్లగలవారు బహు కొద్దిమంది. వాటిని చదివినవారు వ్రాసిన సిద్ధాంత గ్రంథాలే మిగతావారికి దారి.

బ్రిటిష్ లైబ్రరీ నడిపిన ఈథాస్ సేవ గురించి పాత మార్గదర్శక పుస్తకాలలో చదువుతాం. 2023 అక్టోబరులో జరిగిన సైబర్ దాడితో అది నిలిచిపోయింది. కనుక బర్మింగ్‌హామ్, ఎడిన్‌బరో, డర్హామ్ విశ్వవిద్యాలయాల సొంత భాండాగారాలలో నేరుగా వెదకడం మంచిది. అనేక దేశాల ఉచిత గ్రంథాలను ఒకేచోట వెదకడానికి ఓ.ఏ.టి.డి. అనే సేవ ఉన్నది. అమెరికాలోని ఆస్‌బరీ సెమినరీ కూడా తన విద్యార్థుల గ్రంథాలలో అనేకం ఉచితంగా ఉంచింది.

సిద్ధాంత గ్రంథాల అధోసూచికలలో కనబడే పాత పుస్తకాలను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వెదకండి. ఫాక్స్, నోబుల్‌ల జీవిత చరిత్రల వంటి పంతొమ్మిదవ శతాబ్దపు పుస్తకాలకు అదే మంచి చోటు.

ఒక హెచ్చరిక. సెరాంపూర్ సెనేట్ పట్టాలకు మన వేదాంత కళాశాలల్లో వ్రాసిన గ్రంథాలు శోధగంగలో కనబడకపోతే, అసలు అవి లేవని అనుకోకండి. హైదరాబాదులోని ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల, బెంగళూరులోని యునైటెడ్ థియొలాజికల్ కాలేజీ వంటి చోట్ల గ్రంథాలయాధికారికి ఉత్తరం వ్రాసి అడగాలి.

4. దొరికినదానిని పరీక్షించుట

సిద్ధాంత గ్రంథానికి పట్టా వచ్చినంత మాత్రాన అందులోని ప్రతి వాక్యం సత్యమైపోదు. మూడు ప్రశ్నలు వేసుకోవాలి. రచయిత మూలపత్రాలు చూశాడా, లేక ఇతరుల పుస్తకాల మీదనే ఆధారపడ్డాడా? క్షేత్ర పరిశోధన ఏ ఊళ్లలో, ఏ సంవత్సరంలో చేశాడు? ఎవరిని అడిగాడు, ఎవరిని అడగలేదు?

మూడవ ప్రశ్న ముఖ్యమైనది. మిషనరీ నివేదికలలో మిషనరీల పేర్లు నిండుగా ఉంటాయి. పల్లెపల్లె తిరిగిన ఉపదేశకుల పేర్లు, బైబిలు స్త్రీల పేర్లు అంతగా ఉండవు. ఆ నివేదికలనే ఆధారం చేసుకున్న గ్రంథంలో కూడా ఆ లోటు అలాగే మిగులుతుంది. దానిని పూరించగలిగినది స్థానిక సంఘ కాపరి ఒక్కడే.

ఉచితంగా చదవవచ్చు కనుక ఉచితంగా ఎత్తి వ్రాసుకోవచ్చునని భావించకూడదు. గ్రంథచౌర్యంపై విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో నిబంధనలు చేసింది. వాటి ప్రకారం పోలిక పది శాతం దాటితే సవరణ తప్పదు, అరవై దాటితే పరిశోధక విద్యార్థి రిజిస్ట్రేషనే రద్దవుతుంది. శతజయంతి సంచికకు ఈ నిబంధనలు వర్తించకపోవచ్చు. కాని తీసుకున్నచోట రచయిత పేరు, గ్రంథం పేరు, సంవత్సరం, పుట చెప్పడం సేవకునికి తగిన పని.

ముగింపు

లూకా తన సువార్తను ఆరంభిస్తూ, కన్నులారా చూచినవారు అప్పగించిన సంగతులను మొదటినుంచి విచారించి వరుసగా వ్రాస్తున్నానని చెప్పాడు. వ్రాతలు, సాక్షులు రెండూ కావాలి.

వ్రాతలు గాంధీనగర్‌లోనో బర్మింగ్‌హామ్‌లోనో మనకోసం ఆగుతాయి. సాక్షులు ఆగరు. 1977లో ఇరవై ఏళ్లున్నవారు నేడు డెబ్బయ్యో పడికి చేరువలో ఉన్నారు. ఆ రాత్రి ఎవరు ఎవరిని ఏ గుడిలో, ఏ బడిలో, ఏ చెట్టు మీద కాపాడారో, మరుసటి ఆదివారం ఆరాధన ఎక్కడ జరిగిందో చెప్పగలవారు వారే. దివిసీమలోని కాపరి ఎవరైనా ఈ నెలలో ఒక గ్రంథం దించుకొని, దానిలోని ఒక అధ్యాయాన్ని తన సంఘంలోని ఒక పెద్దమ్మకు చదివి వినిపించి, ఆమె ‘అలా కాదయ్యగారూ’ అని దిద్దిన ప్రతి మాటా తేదీ వేసి వ్రాసిపెడితే, తరువాతి పరిశోధకునికి అదే మూలపత్రం అవుతుంది. దానికి రెండు ప్రతులు చేసి, ఒకటి ఊరికి దూరంగా ఏదైనా గ్రంథాలయంలో ఉంచమని మనవి.