అప్పు మనది, పద్దు ఎవరిది?
అడవి అంచు పల్లెల్లో ఖాతా పుస్తకం చెప్పే కథ

భద్రాచలం: సంత రోజు వచ్చిందంటే చర్ల, దుమ్ముగూడెం దారులు ఒకప్పుడు తెల్లవారకముందే జనంతో నిండిపోయేవి. తలమీద ఇప్పగింజల మూట, చేతిలో చింతపండు బుట్ట, చంకలో పసిబిడ్డతో కోయగూడేల ఆడవాళ్లు నడిచి వచ్చేవారు. పొద్దుగూకే వేళకు మూట స్థానంలో ఉప్పు, కిరసనాయిలు, గుడ్డముక్క వుండేవి. చేతిలో డబ్బు మాత్రం వుండేది కాదు. సరుకు ధర పోను మిగిలింది పాత బాకీ కింద జమ. ఎంత జమ అయిందో, ఇంకా ఎంత మిగిలిందో షావుకారు ఖాతా పుస్తకానికే తెలుసు. ఆ పుస్తకం చదవగలిగినవాడు గూడెం మొత్తంలో ఒక్కడుండేవాడు కాదు.

ఆ రోజులు పోయాయా అంటే కొంత పోయాయి, కొంత మిగిలాయి. బ్యాంకులు వచ్చాయి, సొసైటీలు వచ్చాయి, మహిళా సంఘాలు వచ్చాయి. బాగా అప్పులిచ్చి బాగా వసూలు చేసిన వారికి సభలు పెట్టి, శాలువాలు కప్పి, జ్ఞాపికలు ఇచ్చే ఆనవాయితీ కూడా వచ్చింది. ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే సహకార వారోత్సవాల్లో ఈ సందడి చూడవచ్చు. అయితే బహుమతి దేనికి ఇవ్వాలి? వసూలుకా, లేక అప్పు తీసుకున్న మనిషికి తన లెక్క తనకు తెలిసేలా చేసినందుకా? ఈ ప్రాంత చరిత్ర చూస్తే రెండోదే అసలైన గొప్ప అని తేలుతుంది.

ఒడ్డుకొక చట్టం

గోదావరికి ఈవల పాల్వంచ, ఇల్లెందు ప్రాంతం నిజాం ఏలుబడిలో వుండేది. ఆవల భద్రాచలం తాలూకా మద్రాసు రాష్ట్రంలో గోదావరి ఏజెన్సీ కింద వుండేది. అప్పుల బాధ రెండు ఒడ్డులా ఒకటే. చట్టాలు మాత్రం వేరు.

మద్రాసు ప్రభుత్వం 1917లో ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూ బదలాయింపు చట్టం చేసింది. కొండజాతి వారి మీద ఏడాదికి నూటికి 24 రూపాయలకు మించి వడ్డీ చెల్లదని, చక్రవడ్డీ అసలే కూడదని, వడ్డీ మొత్తం అసలును మించరాదని అందులో వుంది. నూటికి 24 అంటే మన లెక్కలో నెలకు నూటికి రెండు. వంద రూపాయల అప్పు ఎన్నేళ్లయినా రెండు వందలు దాటకూడదన్న మాట. నూరేళ్ల కిందట వచ్చిన ఈ కట్టడి నేటికీ ఎంతోమందికి ఆశ్చర్యం కలిగిస్తుంది.

నిజాం వైపు పరిస్థితిని లోకానికి తెలియజేసిన వారిలో ముఖ్యుడు హైమెన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్త. పాపికొండల్లోని కొండరెడ్ల మధ్య తిరిగి ఆయన రాసిన గ్రంథం 1945లో వెలువడింది. ఆయన కృషి తర్వాత నిజాం ప్రభుత్వం గిరిజన ప్రాంతాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది.

1953లో ఖమ్మం జిల్లా ఏర్పడింది. 1959లో భద్రాచలం ప్రాంతం తూర్పు గోదావరి నుంచి ఈ జిల్లాలో చేరింది. ఆ ఏడే భూ బదలాయింపు నిబంధన వచ్చింది. 1960లో షెడ్యూల్డు ప్రాంతాల వడ్డీ వ్యాపారుల నిబంధన, గిరిజనుల రుణ విముక్తి నిబంధన వచ్చాయి. 1963లో భూ బదలాయింపు నిబంధనను తెలంగాణ ప్రాంతానికీ వర్తింపజేశారు. 1970లో దానికి చేసిన సవరణే అందరి నోటా నానే ‘వన్ ఆఫ్ సెవెంటీ’. దాని ప్రకారం ఏజెన్సీలో భూమి గిరిజనేతరులకు బదిలీ కావడం చెల్లదు. అప్పు కింద పొలం రాయించుకునే దారిని మూసేయడానికే ఇంత కట్టుదిట్టం. కాగితం మీద కట్టుదిట్టమే. కానీ గూడెంలో ఒకరికీ చదువు రాకపోతే ఏ కాగితం మీద వేలిముద్ర వేశామో చెప్పేవారు ఎవరు?

1956లో రెండు సంస్థలు

ఈ చిక్కుకు విరుగుడుగా 1956వ సంవత్సరంలో రెండు సంస్థలు పుట్టాయి. ఒకటి ప్రభుత్వం పెట్టింది, రెండోది రైతులు తమకు తాముగా పెట్టుకున్నది.

మొదటిది విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ. జనం నోట జీసీసీ. ఇప్పపువ్వు, చింతపండు, తేనె, తపసి జిగురు, కుంకుడుకాయలు, నల్లజీడి గింజలు కొనడం, డిపోల ద్వారా నిత్యావసర సరుకులు అమ్మడం, సాగుకు అప్పులివ్వడం దాని పని. అమ్మకం, కొనుగోలు, అప్పు మూడూ షావుకారు ఒక్కడి చేతిలో వుండటమే దోపిడీకి మూలమని గుర్తించి, ఆ మూడింటినీ ఈ సంస్థకు అప్పగించారు. 1979లో వచ్చిన నిబంధనతో షెడ్యూల్డు ప్రాంతాల్లో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల వ్యాపారం కూడా దాని చేతికే వచ్చింది. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణకు వేరే సంస్థ ఏర్పడింది.

రెండోది అప్పటి కరీంనగర్ జిల్లాలోని ముల్కనూరు సహకార గ్రామీణ పరపతి, మార్కెటింగ్ సంఘం. స్థాపకుడు అలిగిరెడ్డి విశ్వనాథరెడ్డి. సభ్యుడికి సాగు అప్పు, ఎరువులు, విత్తనాలు ఇచ్చి, పంట చేతికొచ్చాక తానే కొని, అందులో బాకీ మినహాయించి మిగతాది రైతు చేతిలో పెట్టడం ఈ సంఘం పద్ధతి. పురస్కారాలు అందుకున్నది, దేశం నలుమూలల నుంచి జనం వచ్చి చూసి వెళ్లారు. దాని బలమంతా ఒక్క మాటలో వుంది. లెక్క సభ్యులది, సభ్యుల ముందే తేలాలి.

ఈ ఆలోచన మొదట మన దగ్గర పుట్టింది కాదు. జర్మనీలో రైఫైసన్ అనే పల్లెటూరి అధికారి 1860 ప్రాంతంలో పరపతి సంఘాలు పెట్టించాడు. ఒకరినొకరు ఎరిగిన ఊరివాళ్లే సభ్యులు, ఊరి పూచీయే తాకట్టు. మద్రాసు ప్రభుత్వం తరఫున ఫ్రెడరిక్ నికల్సన్ దీనిని పరిశీలించి 1890లలో నివేదిక ఇచ్చాడు. 1904లో దేశంలో మొదటి సహకార పరపతి చట్టం వచ్చింది. ఆ సంఘాలు మైదాన గ్రామాల్లో పాతుకున్నంతగా అడవి పల్లెల్లో పాతుకోలేదు.

గూడెం చేతికి పుస్తకం

1976లో ఖమ్మం, నల్గొండ జిల్లాలకు నాగార్జున గ్రామీణ బ్యాంకు వచ్చింది. ఇది 2006లో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకులో కలిసింది. 2025 జనవరి నుంచి దాని తెలంగాణ శాఖలు తెలంగాణ గ్రామీణ బ్యాంకులో వున్నాయి. బోర్డు మారినా, దూరపు పల్లెలకు బ్యాంకును దగ్గర చేయాలన్న ఉద్దేశం ఒక్కటే.

అసలు మలుపు మహిళా సంఘాలతో వచ్చింది. 1992లో నాబార్డు దేశంలో 500 సంఘాలను బ్యాంకులతో కలపాలని ప్రయోగం మొదలుపెట్టింది. 2000 తర్వాత వెలుగు పథకంతో మన గ్రామాల్లో సంఘం లేని వాడ లేకుండా పోయింది. సంఘానికి బ్యాంకు అప్పు ఇవ్వాలంటే చూసేవి ఐదు. క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, లోపల లోపల అప్పులిచ్చుకోవడం, సకాలంలో తిరిగి కట్టడం, పుస్తకాలు సరిగా రాయడం. వీటినే పంచసూత్రాలంటారు. సంఘాలకు గ్రేడు ఇచ్చినా, బహుమతి ఇచ్చినా వీటి మీదే.

ఈ ఐదింటిలో చివరిది అన్నింటికన్నా బరువైనది. పుస్తకం రాసే అమ్మాయి ఒక్కతే అయి, మిగతా వారు వేలిముద్ర వేసి వెళ్లిపోతే షావుకారు స్థానంలో మరొకరు కూర్చున్నట్టే. తీర్మానం చదివి వినిపించి, ఎవరి బాకీ ఎంతో పదిమందిలో చెప్పి, ప్రతి ఒక్కరి పాసుపుస్తకంలో అక్కడే రాసిన సంఘం మాత్రం నిలబడుతుంది.

వసూలు నూరు శాతం... తర్వాత?

వసూలు ఒక్కటే కొలబద్ద అయితే ఏమవుతుందో 2010 చూపించింది. ఆ ముందు సంవత్సరాల్లో సూక్ష్మరుణ కంపెనీలు పల్లెపల్లెకూ వచ్చాయి. ఇంటి ముంగిటే అప్పు, వారం వారం కిస్తీ. వసూళ్లు దాదాపు నూటికి నూరు అని చెప్పుకున్నారు. మెప్పులు పొందారు. కానీ ఒక కంపెనీ కిస్తీ కట్టడానికి మరో కంపెనీలో అప్పు చేస్తున్నారని, ఒక్కొక్క ఇంటి మీద నాలుగైదు అప్పులున్నాయని ఆ శాతంలో కనబడలేదు. ఒత్తిళ్లు తట్టుకోలేక ఆత్మహత్యలు జరిగాయన్న వార్తలతో రాష్ట్రం అట్టుడికింది. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, 2011లో అది చట్టమైంది. వసూళ్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. నిన్నటి నూరు శాతం ఇవాళ ఏమీ కాకుండా పోయింది. రిజర్వు బ్యాంకు వద్ద నమోదైన కంపెనీలకు ఈ చట్టం వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పింది. కనుక జాగ్రత్త ఇప్పుడు అప్పు తీసుకునే వారి మీదే ఎక్కువగా వుంది.

లెక్క ఇలా చూడాలి

పదివేల రూపాయలు నెలకు నూటికి మూడు వడ్డీకి తెచ్చారనుకుందాం. నెలకు 300, ఏడాదికి 3,600. బారువడ్డీ అయితే మూడేళ్లకు మొత్తం 20,800. ఏడాదికోసారి వడ్డీని అసలులో కలిపి చక్రవడ్డీ వేస్తే అదే మూడేళ్లకు 25,000 దాటుతుంది. ధాన్యం అప్పు ఇంకా చిత్రం. తొలకరిలో ఒక బస్తా తెచ్చి పంటకు బస్తాన్నర కొలిస్తే ఆరునెలలకే నూటికి యాభై వడ్డీ. ‘అర బస్తాయే కదా’ అనిపిస్తుంది. ఏడాది లెక్కన అది నూటికి నూరు.

అదే పదివేలు బ్యాంకు పంట రుణమైతే, మూడు లక్షల లోపు అప్పుకు ఏడాదికి నూటికి ఏడు. గడువులోగా కడితే మూడు తగ్గి నాలుగే పడుతుంది. అంటే నాలుగు వందలు. మూడు వేల ఆరు వందలెక్కడ, నాలుగు వందలెక్కడ? మరి జనం బ్యాంకు వదిలి వడ్డీ వ్యాపారి దగ్గరకు ఎందుకు వెళతారంటే, జ్వరానికి, చావుకు, పెళ్లికి డబ్బు రాత్రికి రాత్రి కావాలి. బ్యాంకు పొద్దున పదింటికి తెరుస్తుంది, కాగితాలు అడుగుతుంది. అక్కడే మహిళా సంఘం అంతర్గత అప్పు అక్కరకు వస్తుంది. మిర్చి రైతుదీ ఇదే బాధ. కమీషన్ వ్యాపారి దగ్గర పెట్టుబడి తెచ్చినవాడు ధర నచ్చకపోయినా సరుకు అక్కడే దింపాలి. కనీసం తక్‌పట్టీ అడిగి తీసుకుని, తూకం, ధర, కోత, వడ్డీ విడివిడిగా రాసి వున్నాయో లేదో చూసుకోవడం రైతు చేతిలో పని.

అడగవలసినవి

పోడు భూములకు అటవీ హక్కుల చట్టం కింద పట్టాలు వచ్చిన వారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆ భూమి వారసులకు వస్తుంది, అమ్మడానికి వీల్లేదు. అమ్మడానికి లేని భూమి మీద అప్పు ఎలా అని కొందరు సందేహిస్తారు. రెండు లక్షల రూపాయల వరకు వ్యవసాయ రుణానికి తాకట్టు అడగనవసరం లేదని రిజర్వు బ్యాంకు 2025 జనవరి నుంచి నిబంధన పెట్టింది. పట్టా చూపి అడగడంలో తప్పులేదు.

గోదావరి కరుణ లేని ఏళ్లూ వుంటాయి. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద నీటిమట్టం 75.6 అడుగులు. 2022 జూలైలో 71.3 అడుగులు. పంట 33 శాతం, అంతకు మించి దెబ్బతిన్నప్పుడు బ్యాంకులు పంట రుణాల గడువు మార్చే వీలుంది. పంట పోయిన ఏడు గమ్మున వుండి, మరో చోట అప్పు తెచ్చి కట్టడం కంటే ముందుగా బ్యాంకులో దరఖాస్తు ఇవ్వడం మేలు.

మన పేరు మీద ఎక్కడెక్కడ అప్పులున్నాయో తెలుసుకునే హక్కు కూడా వుంది. అప్పుల వివరాలు నమోదు చేసే సంస్థలు ఒక్కొక్కటీ ఏడాదికి ఒకసారి పూర్తి నివేదిక ఉచితంగా ఇవ్వాలి. మన పేరుతో ఎవరైనా అప్పు తీసుకున్నా, తీర్చిన బాకీ ఇంకా మిగిలినట్టు వున్నా అందులో బయటపడుతుంది. చదువుకున్న పిల్లల చేత చదివించుకుంటే చాలు.

కట్టిన ప్రతి రూపాయికీ రసీదు, పాసుపుస్తకంలో పద్దు, ఖాళీ కాగితం మీద వేలిముద్ర వేయకపోవడం. ఈ మూడూ పాటించిన ఇంటిని మోసం చేయడం ఎవరి తరమూ కాదు.

ఈసారి వారోత్సవ సభలో శాలువా ఎవరి భుజాన పడ్డా, వేదిక కింద కూర్చున్న వారు ఒక ప్రశ్న వేసుకోవచ్చు. ఆ సంఘంలో అప్పు తీసుకున్న ఆఖరి సభ్యురాలు తన బాకీ ఎంతో ఎవరినీ అడగకుండా చెప్పగలదా? చెప్పగలిగితే శాలువా న్యాయమే. ఒకప్పుడు సంతలో మూట దింపి, ఎంత జమ అయిందో తెలియక ఇంటిదారి పట్టిన ముసలవ్వ మనవరాలు ఇవాళ తన పుస్తకం తానే తెరిచి చూసుకుంటే, అంతకు మించిన బహుమతి ఈ అడవి అంచుకు మరొకటి లేదు.