‘యాజమాన్యం’ అనే మాటా, శేషాచలం అడవీ

‘సుస్థిర అటవీ యాజమాన్యం’ అనే మాట ప్రభుత్వ పత్రాల్లోంచి పాఠ్యపుస్తకాల్లోకి వచ్చి చాలాకాలమయింది. నరికేది పెరిగేదానిని మించకూడదు, అడవి మీద ఆధారపడిన మనిషి బతకాలి, రేపటి తరానికీ అడవి మిగలాలి అని స్థూలంగా దాని అర్థం. ఈ ఆశయాన్ని కాదనేవారు లేరు. మరి ఆచరణలో ఎందుకు విఫలమవుతున్నది? తెలుగుమాటే ఒక ఆధారమిస్తుంది. ‘యాజమాన్యం’ అంటే నిర్వహణ. యజమాని హక్కు కూడా. మొదటి అర్థాన్ని గురించి మాట్లాడుతూ రెండవ అర్థాన్ని గురించి మౌనం వహించడంలోనే చిక్కు ఉంది. ఎర్రచందనం చరిత్ర ఇందుకు నిదర్శనం.

శేషాచలం, పాలకొండలు, వెలికొండలు, లంకమల వంటి దక్షిణ తూర్పు కనుమల్లోనే ఈ చెట్టు సహజంగా పెరుగుతుంది. రాతినేల, తక్కువ వాన దానికి సరిపడతాయి. అది చేవదేరడానికి దశాబ్దాలు పడుతుంది. దుంగ కావడానికి ఒక్క రాత్రి చాలు. చెట్టు కాలమూ, మార్కెట్టు కాలమూ ఒకటి కావు. ఇది మొదటి సమస్య. ఇక్కడ బొమ్మలకూ, రంగుకూ వాడుకున్న కలప చైనాలో ఖరీదైన సామానుకూ, జపానులో వాద్యాలకూ కావలసిన సరుకయింది. 1995లో దీన్ని అంతర్జాతీయ సైట్స్ ఒప్పందపు రెండవ అనుబంధంలో చేర్చారు. ఆంక్షలు పెరిగినకొద్దీ దొంగసరుకు ధరా పెరిగింది.

రెండవ సమస్య చట్టానిది. 1882 మద్రాసు అటవీ చట్టం నాటికి చిత్తూరు జిల్లాయే లేదు. అది 1911లో ఏర్పడింది. మేతకూ, వంటచెరకుకూ ఊరు వాడుకున్న కొండను ఆ చట్టం ‘రిజర్వు’ చేసింది. 1921లో పల్నాడులో, రాయచోటి ప్రాంతంలో పుల్లరి మీద జరిగిన అటవీ సత్యాగ్రహాలు ఈ హక్కు కోసం జరిగినవే. స్వాతంత్ర్యానంతరం 1967 చట్టమూ యాజమాన్యాన్ని శాఖ చేతిలోనే ఉంచింది. స్థానికుల అవసరాలను 1988 జాతీయ అటవీ విధానం గుర్తించింది; 1992 నుంచి వన సంరక్షణ సమితులు వచ్చాయి. అయితే కాపలా పని ఊరికి, నిర్ణయం శాఖకు అన్న విభజన పెద్దగా మారలేదు. 2006 అటవీ హక్కుల చట్టం సాగుకూ, ఫలసాయానికీ హక్కు ఇస్తానన్నది. కాని చెట్టునూ, గడ్డనూ, తేనెపట్టునూ ఎరిగిన యానాదుల వద్ద ఆ హక్కును నిరూపించే కాగితం ఎక్కడిది?

నిషేధం అనవసరమని దీని అర్థం కాదు. అది లేకుంటే చెట్టే మిగలదు. అయితే నిర్వహణ అంతా కాపలాగా కుదించుకుపోయినప్పుడు పేదవాడికి ఎదురుగా పేదవాడే నిలబడతాడు. 2013 డిసెంబరులో శేషాచలంలో ఇద్దరు అటవీ ఉద్యోగులు దాడిలో హతులయ్యారు. 2015 ఏప్రిల్ 7న చంద్రగిరి ప్రాంతపు అడవిలో పోలీసు కాల్పుల్లో తమిళనాడు కూలీలు 20 మంది మరణించారు. ఆత్మరక్షణ అన్నారు పోలీసులు. బూటకపు ఎన్‌కౌంటర్ అన్నాయి హక్కుల సంఘాలు. గొడ్డలి పట్టినవాడూ చచ్చాడు, కాపలా కాసినవాడూ చచ్చాడు. దుంగను కొన్నవాడు రేవుకు అవతల క్షేమంగా ఉన్నాడు.

పట్టాభూముల్లో పెంచితే అడవి మీద ఒత్తిడి తగ్గుతుందని వాదన. అందులో నిజముంది. సాగుచేసిన ఎర్రచందనం ఎగుమతికి 2019లో వీలు కలిగింది. 2023లో సైట్స్ సంస్థ ఈ విషయంలో భారతదేశాన్ని ప్రత్యేక సమీక్ష నుంచి తప్పించింది. కాని ఏది చేను దుంగ, ఏది అడవి దుంగ అని తేల్చడం సులభం కాదు. పైగా వేరుసెనగ పంట పోతే మరుసటేడు గడవని సన్నకారు రైతు, చేవదేరేదాకా ఎలా ఆగుతాడు? ఆగగలిగినవాడు డబ్బున్నవాడు. ప్రత్యామ్నాయానికి కూడా వర్గస్వభావం ఉంటుంది.

ఇక రచయితల విషయం. 2021లో వచ్చిన ‘పుష్ప’ చిత్రం ఈ అడవిని దేశమంతటికీ చూపింది. అందులో కూలీ ఉన్నాడు. అయితే కూలీతనం నుంచి ముఠానాయకత్వానికి ఎదగడాన్నే విముక్తిగా చూపారు. మిగిలిన కూలీలు దుంగల పక్కన దుంగలుగా మిగిలిపోయారు. కరువునూ, కక్షలనూ బలంగా చిత్రించిన రాయలసీమ కథ అడవిని ఇంకా తగినంతగా పట్టించుకోలేదు. వస్తువు దొరకక కాదు. జవ్వాదు కొండల నుంచి కూలీకి వచ్చినవాడినీ, రాత్రి గస్తీ తిరిగే చిరుద్యోగినీ, పట్టాలేని యానాదినీ ఒకే ఆర్థిక సంబంధంలో భాగాలుగా చూడగల దృష్టి కావాలి. వారిలో ఒకరిని నాయకునిగా, మరొకరిని ప్రతినాయకునిగా నిలిపితే కథ కుదురుతుందేమో గాని వాస్తవం తప్పిపోతుంది. అడవికి యజమాని ఎవరన్న ప్రశ్నను పాలనాపత్రాలు దాటవేస్తున్నాయి. సాహిత్యం కూడా దాటవేయవలసిన అవసరం లేదు.